హిందీలో 30 మార్కులు.. పాసా, ఫెయిలా? ప్రోగ్రెస్ కార్డు వెనుక ఉన్న సెట్టింగుల సంగతి

మీ అబ్బాయి భద్రాచలంలోనో, దుమ్ముగూడెంలోనో పదో తరగతి చదువుతున్నాడనుకుందాం. ప్రీఫైనల్ అయ్యాక బడి నుంచి ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. హిందీలో అన్నీ కలిపి నూటికి 30 మార్కులు. పక్కన ‘ఇ’ గ్రేడు. అంటే ఫెయిల్. ఇంట్లో తిట్లు పడ్డాయి, పిల్లవాడు డీలా పడ్డాడు.

నిజానికి ఆ పిల్లవాడు హిందీలో పాస్. తెలంగాణ పదో తరగతిలో ద్వితీయ భాష హిందీకి పాస్ మార్కు 20. ఇరవై నుంచి 34 మధ్య వస్తే ‘డి’ గ్రేడు ఇవ్వాలి. మిగతా సబ్జెక్టుల్లో పాస్ మార్కు 35, అక్కడ 35 నుంచి 40 వరకు వస్తేనే ‘డి’. మార్కులు సరిగ్గానే వేశారు, కూడికా సరిగ్గానే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో గ్రేడ్ల పట్టిక పెట్టేటప్పుడు ఎవరో అన్ని సబ్జెక్టులకూ ఒకటే పట్టిక తగిలించారు. తప్పంతా అక్కడే జరిగింది.

ఇది ఊహించుకున్న ఉదాహరణే. కానీ బడుల్లో మార్కుల పని తెలిసిన వారెవరైనా ఇలాంటిది ఎంత తేలిగ్గా జరుగుతుందో చెప్పగలరు. ప్రోగ్రెస్ కార్డు ముద్రించేముందు జరిగే ‘సెటప్’ పని ఏమిటి, దాన్ని ఏటా ఎందుకు మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తోంది, ఒక్కసారితో ఎలా తేల్చవచ్చు? ఒక్కొక్కటిగా చూద్దాం.

బడిలో ఎన్ని మార్కులు ఎక్కించాలి?

2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలను ఏడాది పొడవునా సమగ్రంగా మూల్యాంకనం చేయాలని చెప్పింది. దాన్ని అనుసరించి మన బడుల్లోకి నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే సీసీఈ వచ్చింది. ఏడాదిలో నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలు ఉంటాయి. టీచర్లు వీటిని ఎఫ్‌ఏ, ఎస్‌ఏ అంటారు.

ఒక్కో ఎఫ్‌ఏలో మళ్లీ నాలుగు భాగాలున్నాయి. పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. తొమ్మిది, పది తరగతుల్లో ఒక్కో భాగానికి 5 మార్కుల చొప్పున ఎఫ్‌ఏ మొత్తం 20 మార్కులు.

ఇప్పుడు లెక్క వేయండి. తొమ్మిదో తరగతిలో 40 మంది ఉన్నారు, ఆరు సబ్జెక్టులు. నలభై మందికి ఆరు సబ్జెక్టుల్లో నాలుగు ఎఫ్‌ఏలు, ఒక్కోదానిలో నాలుగు భాగాలు కలిపితే 3,840 అంకెలు. రెండు ఎస్‌ఏలకు మరో 480. ఒక్క సెక్షన్‌కే ఏడాదికి 4,320 అంకెలు ఎక్కించాలి. ఇవే అంకెలు ముందు కాగితం మీద మార్కుల రిజిస్టర్‌లో, తర్వాత పోర్టల్‌లో, ఆపైన ప్రోగ్రెస్ కార్డు మీద కనిపించాలి. పనిలో పనిగా చాలా బడులు సొంతంగా ఎక్సెల్ షీటు కూడా నడుపుతాయి.

మరి సెటప్ అంటే?

పైన చెప్పింది మార్కులు ఎక్కించే పని. దానికి ముందు మరో పని ఉంది. ఏ విద్యా సంవత్సరం, ఏ తరగతి, ఏ సెక్షన్, ఏ సబ్జెక్టు, ఎవరు టీచర్, ఎన్ని పరీక్షలు, ఒక్కోదానికి గరిష్ఠ మార్కులు ఎన్ని, ఎఫ్‌ఏకి ఎంత వాటా, ఎస్‌ఏకి ఎంత వాటా, గ్రేడ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయి, కార్డు మీద ఏది ముందు ఏది వెనుక రావాలి.. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పాలి. బయట అమ్మే స్కూల్ సాఫ్ట్‌వేర్ అయినా, బడిలో కంప్యూటర్ తెలిసిన సారు తయారుచేసిన ఎక్సెల్ అయినా ఈ పని తప్పదు.

ఆరు నుంచి పది వరకు తరగతికి రెండు సెక్షన్లున్న ఉన్నత పాఠశాల తీసుకోండి. పది సెక్షన్లు, ఆరు సబ్జెక్టులు అంటే 60 మార్కుల పట్టికలు. ఒక్కో పట్టికలో ఎఫ్‌ఏలకు 16 గడులు, ఎస్‌ఏలకు రెండు కలిపి 18 నిలువు వరుసలు. ఏ పట్టికకు ఆ పట్టిక విడిగా తయారుచేస్తే 1,080 వరుసలకు పేరు పెట్టాలి, గరిష్ఠ మార్కులు చెప్పాలి. జూన్‌లో బడి తెరిచాక మళ్లీ మొదటి నుంచి.

అసలు ఇందులో వేర్వేరు నియమాలు ఎన్ని? తరగతులను బట్టి గరిష్ఠ మార్కులు మారినా, హిందీకి వేరే గ్రేడు పట్టిక ఉన్నా, మొత్తం మీద మూడు నాలుగు నమూనాలకు మించవు. మూడు నాలుగు నియమాలను వెయ్యిసార్లు చేత్తో రాయడమే ఇక్కడి సమస్య. రాసిన ప్రతిసారీ తప్పు దొర్లే అవకాశం ఉంటుంది.

తప్పులు ఎక్కువగా ఎక్కడ దొర్లుతాయి?

మొదటిది పైన చూసిన హిందీ గ్రేడు. మిగతా సబ్జెక్టుల్లో ‘ఏ1’ 91 నుంచి మొదలైతే, హిందీలో 90 నుంచే మొదలవుతుంది. దిగువన తేడా ఇంకా పెద్దది. మిగతా వాటిలో 34 వస్తే ‘ఇ’, హిందీలో అదే 34కు ‘డి’.

రెండోది సైన్సు. పదో తరగతిలో భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం వేర్వేరు రోజుల్లో 40 మార్కుల చొప్పున రాస్తారు. పాఠాలు చెప్పే టీచర్లూ సాధారణంగా వేరు. మెమో మీద మాత్రం సైన్సు ఒకటే సబ్జెక్టు. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని రెండు విడి సబ్జెక్టులుగా పెడితే మొత్తం, శాతం రెండూ తారుమారవుతాయి. ఒకటే సబ్జెక్టుగా పెడితే ఇద్దరు టీచర్లలో ఒకరికి మార్కులు ఎక్కించే వీలుండదు.

మూడోది గైర్హాజరు. ఒక పిల్లవాడికి మూడు ఎఫ్‌ఏల్లో 14, 17, 16 వచ్చాయి. జ్వరం వల్ల ఒకటి రాయలేదు. ఆ గడిలో సున్నా వేస్తే నాలుగింటి సగటు 11.75. ఖాళీగా వదిలితే కొన్ని సాఫ్ట్‌వేర్లు మూడింటికే సగటు తీస్తాయి, అప్పుడు 15.67. ఒకే పిల్లవాడు, అవే జవాబు పత్రాలు, దాదాపు నాలుగు మార్కుల తేడా. వర్షాకాలంలో మలేరియా, విషజ్వరాలు తిరిగే ఏజెన్సీలో ఇది అరుదైన సంగతి కాదు. రాయని పరీక్షను ఎలా లెక్కించాలో నియమం ఒకచోట స్పష్టంగా రాసి ఉండాలి. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి అలవాటుకు దాన్ని వదిలేయకూడదు.

నాలుగోది పేర్లు. ఆధార్‌లో ఒక తీరుగా, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంకో తీరుగా ఉన్న పేరును ప్రతి చోటా మళ్లీ టైపు చేస్తే ఏదో ఒక చోట అక్షరం మారుతుంది. పదో తరగతి మెమోలోకి ఎక్కితే దాన్ని దిద్దించుకోవడానికి బోర్డు చుట్టూ తిరగాలి.

ఇరవై మార్కులకు ఇంత చర్చ ఎందుకు?

తెలంగాణలో 2014-15 నుంచి పదో తరగతి ఫలితంలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షవి, 20 బడి వేసే ఇంటర్నల్స్‌వి. ఆ 20 నాలుగు ఎఫ్‌ఏల సగటు నుంచి వస్తుంది. అంటే బడిలోని పట్టికలో జరిగిన పొరపాటు నేరుగా బోర్డు మెమోలోకి వెళ్తుంది. పాలిటెక్నిక్ అయినా, గురుకుల జూనియర్ కళాశాల అయినా, ఉద్యోగ దరఖాస్తు అయినా పదో తరగతి మెమో జీవితాంతం అడుగుతూనే ఉంటారు.

నియమాలూ స్థిరంగా ఉండవు. 2024 నవంబరు చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ఇంటర్నల్ మార్కులు తీసేసి వంద మార్కులకూ పరీక్ష పెడతామని ఉత్తర్వు ఇచ్చింది. విద్యా సంవత్సరం సగంలో ఇదేమిటన్న అభ్యంతరాలు రావడంతో ఆ ఏడాదికి 80-20 పద్ధతే కొనసాగుతుందని వెంటనే చెప్పింది. గ్రేడ్ పాయింట్ల స్థానంలో మార్కులు చూపే మార్పు కూడా అప్పుడే వచ్చింది. ఇలాంటి ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ ప్రతి బడిలోనూ ఎవరో ఒకరు పట్టికలన్నీ తిరగరాయాలా? ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారే ఏర్పాటు ఉంటే ఆ అవసరం రాదు.

భద్రాచలానికి ప్రత్యేకంగా ఉన్న చిక్కు

పోలవరం ముంపు కారణంగా 2014లో ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన సంగతి మీకు తెలిసిందే. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. చుట్టూ ఉన్న గ్రామీణ మండలం అవతలికి వెళ్లి, ఇప్పుడు ఎటపాక మండలంగా ఉంది. ఇక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్లే దారి కూడా కొంత దూరం ఆంధ్రలోంచే పోతుంది. ఊళ్లు, చుట్టరికాలు, సంతలు ఒకటే. బడుల లెక్కలు మాత్రం రెండు.

పట్టణంలోని బడిలో పదో తరగతి చదివే పిల్లకు 80-20 పద్ధతి. ఎటపాకలోని బడిలో చదివే ఆమె మేనత్త కూతురికి ఇంటర్నల్స్ లేవు. ఆంధ్రప్రదేశ్ 2019లోనే వాటిని రద్దు చేసి వంద మార్కులకూ పరీక్ష పెట్టింది. తొమ్మిది పూర్తయ్యాక ఒకరు ఇటు నుంచి అటు మారితే పాత బడి రికార్డులోని ఎఫ్‌ఏ వివరాలు కొత్త బడి పట్టికలో ఎక్కడా ఇమడవు.

అయితే రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా ఒక తాడు ఉంది. అది కేంద్రం నడిపే యూడైస్ ప్లస్. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. తెలంగాణ బడుల కోడ్ 36తో, ఆంధ్ర బడులది 28తో మొదలవుతుంది. 2022-23 నుంచి పిల్లల వివరాలు ఒక్కొక్కరివి విడిగా నమోదు చేస్తున్నారు. ప్రతి విద్యార్థికీ ‘పెన్’ అనే శాశ్వత విద్యా సంఖ్య వస్తుంది. బడి మారితే పాత బడి ఆ పేరును డ్రాప్ బాక్స్‌లోకి వదలాలి. కొత్త బడి పెన్ సాయంతో అక్కడి నుంచి తీసుకోవాలి.

ఈ తాడు మీద వచ్చేది పేరు, తరగతి, కిందటేడాది మార్కుల శాతం, బడికి వచ్చిన రోజులు వంటి కొద్ది వివరాలే. లెక్కల్లో ఏ భాగం వచ్చు, ఏది రాదు అన్నది రాదు. కాబట్టి బడి మారేటప్పుడు ప్రోగ్రెస్ కార్డు కాగితం ఇప్పటికీ ముఖ్యమే. టీసీ ఆలస్యమైందని చెప్పి ఎనిమిదో తరగతి లోపు పిల్లలను చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ఈ మాట మీ దగ్గర ఉంచుకోండి.

పరిష్కారం ఎలా ఉంటుంది?

సూత్రం తేలికే. నియమం ఒకచోట ఒకసారి రాయాలి, బడులు దాన్ని వాడుకోవాలి. బడి చేయాల్సింది మార్కులు వేయడం, అంతవరకే.

పరీక్షల పేర్లు, గరిష్ఠ మార్కులు, వాటాలు, గ్రేడు పట్టికలు, గైర్హాజరు నియమం, కార్డు నమూనా కలిపి ఒక ‘స్కీము’గా తయారుచేయాలి. దానికి విద్యా సంవత్సరం ముద్ర ఉండాలి. కొత్త ఏడాది మొదలవగానే పాత స్కీమును నకలు తీసి, మారిన చోట మాత్రమే దిద్దాలి. పాత ఏడాది కార్డు మళ్లీ తీస్తే పాత నియమాల ప్రకారమే రావాలి. లేకపోతే 2024లో పాసైన పిల్లవాడు 2027లో తీసిన నకలులో ఫెయిలవుతాడు.

పిల్లల జాబితా యూడైస్ నుంచి పెన్‌తో సహా నేరుగా దిగాలి, పేర్లు మళ్లీ టైపు చేయకూడదు. సిగ్నల్ నిలవని ఊళ్లలో టీచర్ ఫోన్‌లోనో, ఎక్సెల్‌లోనో మార్కులు నింపుకుని, మండల కేంద్రానికి వచ్చినప్పుడు ఎక్కించగలగాలి. ఒకసారి ఎక్కించిన అంకె మిగతా అన్ని చోట్లకూ దానంతట అదే వెళ్లాలి.

ఇక్కడ ఒక ప్రమాదమూ ఉంది. చేత్తో చేస్తే ఒక సెక్షన్‌లో తప్పు పోతుంది. నమూనాలోనే తప్పుంటే అన్ని బడులకూ ఒకేసారి పాకుతుంది. అందుకే నమూనాను వాడకంలోకి వదిలేముందు పరీక్షించాలి. ఐదుగురు ఊహాజనిత విద్యార్థులను తీసుకోండి. ఒకరికి అన్నీ పూర్తి మార్కులు, ఒకరికి అన్నిట్లో సరిగ్గా 35, ఒకరికి హిందీలో 20, ఒకరికి ఒక ఎఫ్‌ఏ గైర్హాజరు, ఒకరు ఏడాది మధ్యలో చేరినవారు. ఈ ఐదుగురి ఫలితాన్ని కాగితం మీద చేత్తో వేసి, సాఫ్ట్‌వేర్ ఇచ్చినదానితో సరిచూడాలి. గంట పని. సరిపోయాక నమూనాకు తాళం వేయాలి. తర్వాత ఎవరు ఏది మార్చినా ఎప్పుడు, ఎందుకు మార్చారో నమోదు కావాలి.

అన్నీ ఒకే మూసలో పోస్తే టీచర్ స్వేచ్ఛ పోదా?

ఈ అభ్యంతరం న్యాయమైనదే. సీసీఈ ఉద్దేశమే పిల్లవాడిని టీచర్ దగ్గరగా గమనించడం. కానీ స్కీము కట్టడి చేయాల్సింది లెక్కను మాత్రమే. ప్రాజెక్టుకు మూడు వేయాలా నాలుగు వేయాలా అన్న నిర్ణయం టీచర్‌దే.

వెయ్యి గడులు నింపే ఒత్తిడే టీచర్ విచక్షణను ఎక్కువగా దెబ్బతీస్తుంది. గడువు రేపు అంటే, తరగతి మొత్తానికి ఒకే అంకె దింపేయాలన్న ప్రలోభం సహజం. ఇంటర్నల్ మార్కులు ఉదారంగా వేస్తున్నారన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది. సెటప్ భారం తగ్గితే ప్రాజెక్టు కాగితాన్ని నిజంగా చదివే సమయం మిగులుతుంది. ఒకరిద్దరు టీచర్లతో నడిచే గిరిజన ప్రాథమిక పాఠశాలలో ఆ సమయం పిల్లలకు పాఠంగా అందుతుంది. చిన్న తరగతుల కోయ పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించాల్సిన గంట అది.

ఎవరు చేయాలి?

ఈ ప్రాంతంలో బడులకు యాజమాన్యాలు చాలా. జిల్లా పరిషత్, మండల పరిషత్ బడులు, ఐటీడీఏ పరిధిలోని గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, కేజీబీవీలు, ప్రైవేటు బడులు. పదో తరగతి బోర్డు మాత్రం అందరికీ ఒకటే. కాబట్టి స్కీమును పాఠశాల విద్యాశాఖ ఏటా జూన్‌కు ముందే కంప్యూటర్ నేరుగా చదవగల ఫైలుగా విడుదల చేయడం సబబు. ఉత్తర్వును పీడీఎఫ్‌గా వాట్సాప్ గ్రూపుల్లో వదిలితే దాన్ని ప్రతి బడీ తనకు అర్థమైనట్టు టైపు చేసుకుంటుంది. భద్రాచలం ఐటీడీఏ తన ఆశ్రమ పాఠశాలలకు ఒకే నమూనా ఇచ్చి, ఐదుగురు విద్యార్థుల పరీక్షను ఒకచోట చేయిస్తే రెగ్యులర్ టీచర్లకూ, సీఆర్టీలకూ ఆ భారం తప్పుతుంది. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు.

మీరు ఏం చేయొచ్చు?

తల్లిదండ్రులైతే: కార్డు మీద గ్రేడు ఒక్కటే చూడకండి, మార్కు కూడా చూడండి. హిందీలో 20 దాటినా ‘ఇ’ ఉంటే అడగండి. నాలుగు ఎఫ్‌ఏల మార్కులు విడివిడిగా చూపమనండి. వాటి సగటు 20కి ఎంత వచ్చిందో మీరే వేసుకోవచ్చు. జ్వరంతో రాయని పరీక్షకు సున్నా పడిందేమో కనుక్కోండి. చదవడం రాకపోతే సంకోచం వద్దు, తల్లిదండ్రుల సమావేశంలో టీచర్‌ను చదివి వినిపించమనండి. వేలిముద్ర వేసేముందు విని వేయడం మీ హక్కు. బడి మారుతుంటే టీసీతో పాటు ప్రోగ్రెస్ కార్డు, పెన్ సంఖ్య రాయించుకోండి. పాత బడి పేరును డ్రాప్ బాక్స్‌లోకి వదిలిందో లేదో అడగండి.

టీచర్లయితే: పోయినేడాది పట్టికలో మార్కులు చెరిపేసి ఒక ఖాళీ నమూనా దాచుకోండి. గరిష్ఠ మార్కుల కంటే ఎక్కువ టైపు చేస్తే ఒప్పుకోని ఏర్పాటు ఎక్సెల్‌లోనే ఉంది, వాడుకోండి. గైర్హాజరుకు సున్నా వేయకుండా వేరే గుర్తు పెట్టండి. హిందీ గ్రేడు పట్టికను వేరే షీటులో ఉంచండి.

ప్రధానోపాధ్యాయులైతే: ఇంటర్నల్ మార్కులు బోర్డుకు పంపేముందు సెక్షన్‌కు ఐదుగురి లెక్క రిజిస్టర్‌తో చేత్తో సరిచూడండి. ముద్రించిన జాబితాను పిల్లలకు చూపించి సంతకాలు తీసుకోండి. తప్పును అందరికంటే ముందు పట్టేది తన మార్కు తనకు గుర్తున్న పిల్లే. పంపాక దిద్దడం కష్టం. పంపకముందు దిద్దడానికి పెన్సిల్ చాలు.